రబీ విత్తనానికి ముందు: కల్యాణదుర్గం నుంచి గిద్దలూరు దాకా

మొదటి రోజు: కల్యాణదుర్గం వైపు

రాయలసీమలో అక్టోబరు ఆఖరంటే వేరుశనగ పీకి, కాయలు విడిపించి, కట్టె వామి వేసుకునే రోజులు. బోరున్న ప్రతి రైతూ రబీకి ఏం పెట్టాలా అని లోలోపల లెక్కలు కట్టుకునేదీ ఇప్పుడే. భూమి కింది నీళ్ళు వేసవి దాకా నిలుస్తాయా, ఫిబ్రవరికే అయిపోతాయా అన్నది ఈ నాలుగైదు వారాల్లో ఎవరికి వారు తీసుకునే నిర్ణయాలతో తేలిపోతుంది. ఆ నిర్ణయాలు ఎలా జరుగుతున్నాయో చూడాలనే అనంతపురంలో బయల్దేరాం. నాతో మా బావ ఉన్నాడు. సర్వీసంతా భూగర్భ జలాల మీదే పనిచేసి రిటైరైన మనిషి. బోరులో నీటిమట్టం కొలిచే టేపు ఇప్పటికీ ఆయన కారు డిక్కీలోనే ఉంటుంది.

కల్యాణదుర్గం దాటి కొంతదూరం పోయాక ఒక చేలో తెల్లటి దుమ్ము లేస్తూ కనిపించింది. బోరు బండి. దగ్గరికి వెళ్ళేసరికి 640 అడుగులు దిగింది. రాతి పొడి తప్ప తడి రావడం లేదు. రైతూ ఆయన భార్యా వేపచెట్టు కింద కూర్చుని ఆ పొడినే చూస్తున్నారు. అలాంటప్పుడు పలకరించడానికి మనసొప్పదు. ఆయనే పిలిచి కూర్చోమన్నాడు.

"ఎన్నో బోరు పెద్దాయనా?" అని బావ అడిగాడు.

"ఈ చేన్లో ఐదోది నాయనా. ముందర మా నాయన తవ్వించిన బాయి ఉండె. యాభై అడుగులు. దాంట్లోనే ఈత నేర్చుకుంటిమి. అది ఎండినాక మూడు నూర్లకు బోరేస్తిమి. పక్క చేను ఆయప్ప దానిమ్మకని ఎనిమిది నూర్లకు వేసినాక నాది తగ్గిపాయ. ఇంక నేనూ వెయ్యకుంటే ఎట్ల?"

నేను ఆపితే పక్కవాడు తోడతాడు, నేను తోడితే పక్కవాడు ఇంకా లోతుకు పోతాడు. సీమలో బోర్ల కథ మొత్తం ఇదే. భూమి ఎవరిదో దాని కింది నీళ్ళూ వాళ్ళవేనని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచి మన న్యాయం నడుస్తోంది. నీళ్ళకు మాత్రం సర్వే నంబర్లు లేవు. ఇద్దరి చేల కిందా నీళ్ళు పారేది ఒకటే రాతి పగులులో.

దీన్ని అదుపు చేయాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే వాల్టా చట్టం తెచ్చింది. నీరు, భూమి, చెట్లు మూడింటికీ కలిపి చేసిన చట్టం అది. బావులు రిజిస్టరు కావాలి. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. మితిమీరి తోడేశారని ప్రకటించిన ఊళ్ళలో సాగుకు కొత్త బోర్లే వేయకూడదు. బోరు బండ్లూ రిజిస్టరు చేయించుకోవాలి. చదివితే ఎంతో గట్టి చట్టం. కానీ అమలులో దాని చూపంతా కొత్త బోరు మీదే ఉండిపోయింది. ఉన్న బోరు రోజుకు ఎంత తోడుతోందో అడిగేవాళ్ళు లేరు. పైగా బోరు బండి ఒక రాత్రిలో పని ముగించుకుని పోతుంది. తెల్లారి ఎవరొచ్చి ఏం చేస్తారు? పంజాబ్ 2009లో చేసిన చట్టం ఈ విషయంలో తెలివైనది. ఫలానా తేదీకి ముందు వరి నాటకూడదన్నారు. నాటిన మడి రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది, దాచడం కుదరదు.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మొదట రోజుకు ఏడు గంటలు, తర్వాత తొమ్మిది గంటలు. చదువుకున్నవాళ్ళు చాలామంది నీళ్ళు అడుగంటడానికి ఇదే కారణమని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. డెల్టాలో రైతుకు ప్రభుత్వం ఆనకట్ట కట్టి, కాలువ తవ్వి, నీళ్ళు మడి దాకా తెచ్చింది. కల్యాణదుర్గం రైతు సొంత డబ్బు లక్షలు పోసి, అందులో సగం బోర్లు పడక, పడినవాటితో పంట తీశాడు. అతని కరెంటు బిల్లు గురించి మాట్లాడే ముందు ఆ తేడా గుర్తుంచుకోవాలి. అయితే ఇంకో సంగతీ నిజమే. కరెంటు వచ్చినప్పుడల్లా మోటరు దానంతట అదే ఆన్ అయ్యేలా దాదాపు ప్రతి షెడ్డులోనూ ఆటో స్టార్టరు పెట్టుకున్నారు. మడికి నీళ్ళు చాలినా చాలకపోయినా మోటరు తిరుగుతూనే ఉంటుంది. అది లోభం కాదు. రేపు కరెంటు ఉంటుందో లేదో, బోరులో నీళ్ళు ఉంటాయో లేదో అన్న టెన్షన్.

ప్రభుత్వాల మాటా ఒకటిగా ఉండదు. చట్టమేమో బోర్లు తగ్గించమంటుంది. 2020లో మొదలైన జలకళ పథకమేమో 2,340 కోట్లతో రెండు లక్షల ఉచిత బోర్లు వేస్తామంది. అందులో నీళ్ళు అడుగంటిన ఊళ్ళకు మినహాయింపు ఉంది, నిజమే. కానీ ఊళ్ళోకి చేరే సందేశం ఒకటే: నీటి కరువుకు మందు ఇంకో బోరు.

మేం లేచేసరికి బోరు 700 దాటింది. అప్పటికీ తడి లేదు. "ఇంకో నూరు చూస్తాం" అన్నాడు పెద్దాయన. ఆమె ఏమీ అనలేదు.

రాత్రి లాడ్జిలో బావ కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఈ లెక్క ప్రతి ఊరి గోడ మీదా ఉండాలి. అనంతపురంలో సగటు వాన 550 మిల్లీమీటర్ల పైచిలుకు. మన కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. పడిన వానలో ఇలాంటి నేలలోకి ఇంకేది 8 నుంచి 11 శాతం అని కేంద్ర ప్రమాణాలు చెబుతాయి. పదో వంతు అనుకుంటే 55 మిల్లీమీటర్లు. సుమారు రెండంగుళాలు. రాయి కుళ్ళి మెత్తబడిన పొరలో నీళ్ళు నిలిచే ఖాళీ నూటికి రెండు పాళ్ళ చిల్లర. అందుకే ఆ రెండంగుళాల నీరే మట్టాన్ని తొమ్మిదడుగులు లేపుతుంది. వాన పడగానే బోర్లు ఉరకడం చూసి రైతు పొంగిపోయేది ఇందుకే. తోడినప్పుడు కూడా అంతే వేగంగా దిగుతుంది.

"ఇప్పుడు పంట వైపు చూడు" అన్నాడు బావ. రబీ వేరుశనగకు 500 మిల్లీమీటర్ల దాకా నీరు కావాలి. అంటే ఒక ఎకరా వేరుశనగ తొమ్మిది ఎకరాల్లో ఇంకిన నీటిని తాగుతుంది. వరికి 1,200 పైన. ఒక ఎకరా వరికి ఇరవై రెండు ఎకరాల ఇంకుడు. మడిలోంచి కొంత తిరిగి కిందికి దిగుతుందనుకున్నా లెక్క పెద్దగా మారదు. ఊరి భూమి వెయ్యి ఎకరాలైతే దాని కింద రబీలో నూరెకరాల వేరుశనగో, నలభై అయిదెకరాల వరో పండించవచ్చు. అంతకు మించి వేసినవాళ్ళంతా ఒకరి నీళ్ళు ఒకరు లాక్కుంటున్నారని అర్థం.

లోతుకు పోతే? ఎనిమిది నూర్ల అడుగుల దగ్గర పగుళ్ళు కొన్ని దొరుకుతాయి. అవి పైపొరలోంచి దిగిన పాత నీళ్ళే. అక్కడ వేరే నది ఏదీ పారడం లేదు.

రెండో రోజు: కదిరి దారిలో ఒక పల్లె

ధర్మవరం మీదుగా కదిరి వైపు వెళ్ళాం. దారిలో ఒకచోట హంద్రీ–నీవా కాలువ నిండుగా ఉంది. శ్రీశైలం వెనుక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తి ఆరు లక్షల ఎకరాలకు ఇవ్వాలన్న పథకం అది. కాలువ నీళ్ళతో చెరువు నింపిన ప్రతిచోటా చుట్టూ బోర్లు తేరుకున్నాయి, ఇది కళ్ళారా చూసిందే. ఈ నీళ్ళు రావాలి, ఇంకా రావాలి. సీమకు అది హక్కు. కానీ కాలువకు దూరంగా, ఎగువన ఉన్న పల్లెలు వందల్లో ఉన్నాయి. వాటికి వాన తప్ప దిక్కు లేదు. మేం వెళ్ళింది అలాంటి పల్లెకే.

అనంతపురం జిల్లాలో 2007 తర్వాత కొన్ని ఊళ్ళలో స్వచ్ఛంద సంస్థల చొరవతో బోర్లు పంచుకునే పద్ధతి మొదలైంది. బోరున్న రైతులూ, బోరు లేని రైతులూ కలిసి రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటారు. భూమిలో పైపులైను వేసి బోర్లన్నింటినీ కలుపుతారు. చేనుకొక వాల్వు. ఖరీఫ్‌లో వాన మొహం చాటేస్తే అందరి వేరుశనగకూ ఒకటి రెండు తడులు ఇవ్వాలి, బోరు లేనివాళ్ళ చేనుకు కూడా. అందుకు బదులుగా ఆ బ్లాకులో ఎవరూ కొన్నేళ్ళ పాటు కొత్త బోరు వేయకూడదు, వరి పెట్టకూడదు.

బోరున్నవాడు ఎందుకు ఒప్పుకోవాలి? నాకు పెద్ద అనుమానం అదే. అరుగు మీద కూర్చున్న ఒక రైతు విప్పి చెప్పాడు. "నాకు బోరుంది సార్, రెండించుల నీళ్ళు. చుట్టూ పదిమందికి బోరు లేదు. వాళ్ళలో ఏ ముగ్గురు బోరేసినా నాది ఎండిపోతుంది. వాళ్ళకు రెండు తడులిస్తే వాళ్ళు వెయ్యరు. నా బోరు నాకు మిగుల్తుంది. నేను ఇచ్చేది నీళ్ళు, వాళ్ళు ఇచ్చేది నా బోరుకు కాపలా."

ఇది దానం కాదు, బేరం. అందుకే నిలబడింది.

వాన మీద పెరిగే ఖరీఫ్ వేరుశనగకు వంద రోజులూ బోరు నీళ్ళు అక్కర్లేదు. ఊడలు దిగేటప్పుడు ఒకటి, కాయ ఊరేటప్పుడు ఒకటి, ఆ రెండు తడులు సమయానికి అందితే పంట చేతికొస్తుంది. అవి తప్పితే ఎకరాకు పెట్టిన పెట్టుబడంతా కట్టె కింద పోతుంది. రెండెకరాల వరికి పోసే నీళ్ళతో ఇరవై ఎకరాల పైన ఖరీఫ్ వేరుశనగను ఒడ్డుకు చేర్చవచ్చు. నీటి పాలసీ గురించి పెద్దపెద్ద సమావేశాల్లో వినే మాటల కంటే ఈ లెక్క నాకు విలువైనదిగా తోచింది.

బోరు లేని ఒక అక్క మమ్మల్ని తన చేనుకు తీసుకుపోయింది. మూడెకరాలు. పీకిన వేరుశనగ ఇంకా ఆరుతోంది. "పోయిన తూరి రెండు తడులిచ్చినారన్నా. ఈ తూరి ఒకటే ఇచ్చినారు. ఒకటికే ఈ మాత్రం కాసింది" అంటూ మొక్క లేపి చూపించింది. ఒప్పందం ఎవరైనా తప్పారా అని అడిగితే నవ్వింది. ఒక కుర్రాడు చీనీ (బత్తాయి) తోట పెడతానని బోరు బండి పిలిపించాడట. "తాసీల్దారు ఆపలేదు, పోలీసులు ఆపలేదు. ఆడోళ్ళం పోయి బండి ముందర కూర్చుంటిమి."

ఇదే పల్లెకు ఆనుకుని ఉన్న ఇంకో పల్లెలో ఒప్పందం మూడేళ్ళకే చెదిరిపోయింది. అక్కడ పైపులైను పగిలితే బాగు చేయడానికి డబ్బుల్లేవు. నాలుగు వాల్వులు పాడయ్యాయి, చివరి చేలకు నీళ్ళు అందలేదు, అందనివాళ్ళు బోర్లు వేసుకున్నారు. ఒకటి రెండు లక్షల మరమ్మతుకు నిధి లేక అంత కష్టపడి కుదుర్చుకున్న మాట పోయింది. బోరు వేయడానికి సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వాలు బోరు వేయకుండా ఉన్న ఊరికి వాల్వు బాగుచేయించడానికి పైసా ఎందుకివ్వవు? ఆ ఊళ్ళో ఒకాయన ఇదే ప్రశ్న నన్ను అడిగాడు. జవాబు చెప్పాల్సినవాళ్ళ దాకా చేరాలనే ఇక్కడ రాస్తున్నాను.

మూడో రోజు: పులివెందుల

చీనీ తోటల సీమ. రోడ్డుకు రెండు వైపులా ఆకుపచ్చ. గండికోట, చిత్రావతి రిజర్వాయర్లలోకి కృష్ణా నీళ్ళు వచ్చాక ఈ ప్రాంతం తేరుకున్న మాట వాస్తవం. అంతకు ముందు కరువేళ్ళలో ట్యాంకర్లు పెట్టి చీనీ చెట్లకు నీళ్ళు పోసుకున్న కథలు ఇక్కడ ఏ ఇంట్లోనైనా వినొచ్చు. ఎనిమిదేళ్ళు పెంచిన చెట్టును కాయలున్నప్పుడు నరకాల్సి రావడం మామూలు కష్టం కాదు.

డ్రిప్పు గురించి మాట్లాడాలంటే ఇక్కడే మాట్లాడాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2003 చివర్లో సూక్ష్మసేద్యం ప్రాజెక్టు మొదలైనప్పుడు అది దేశానికే దారి చూపింది. తర్వాత చిన్న రైతుకు 90 శాతం దాకా సబ్సిడీ ఇచ్చారు. చెట్టు మొదట్లో చుక్కచుక్కగా పడే నీళ్ళు చూస్తే ఆదా అని ఎవరైనా ఒప్పుకుంటారు. బావ మాత్రం తోట యజమాని అయిన కుర్రాణ్ణి ఒకటే అడిగాడు.

"డ్రిప్పుకు ముందు ఎన్నెకరాలు పెట్టేవాడివి అబ్బాయ్?"

"మూడు సార్."

"ఇప్పుడు?"

"ఏడు."

"బోరు ఎంతసేపు నడుస్తోంది?"

"కరెంటున్నంతసేపు సార్."

మేం మాట్లాడకుండా కాసేపు నడిచాం. ఆ కుర్రాడు చేసింది తప్పు కాదు. అవే నీళ్ళతో రెట్టింపు ఆదాయం తెచ్చుకున్నాడు, ఇల్లు కట్టాడు, చెల్లెలికి పెళ్ళి చేశాడు. కానీ భూమి కింద మిగిలిందేమీ లేదు. పైగా కాలువలు తీసి నీళ్ళు పారించే రోజుల్లో మడిలోంచి కొంత నీరు కిందికి దిగేది, ఇప్పుడు అదీ లేదు. డ్రిప్పు ఎకరాకు నీళ్ళు ఆదా చేస్తుంది. ఊరికి ఆదా చేయాలంటే ఎన్ని ఎకరాలన్న దాని మీద ఊరు ఒక మాట మీదికి రావాలి. సబ్సిడీ పత్రంలో ఆ షరతు ఎన్నడూ లేదు.

తోటలతో ఇంకో చిక్కు ఉంది, నన్ను ఎక్కువగా వేధించింది అదే. వేరుశనగ వేసే రైతు వాన తక్కువైన ఏడాది రబీ మానుకోగలడు, చేను బీడు పెట్టుకోగలడు. చీనీ, దానిమ్మ, మామిడి పెట్టినవాడికి ఆ వెసులుబాటు లేదు. చెట్టుకు కరువు ఏడాది కూడా నీళ్ళు పోయాల్సిందే, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. ఉమ్మడి అనంతపురం, కడప జిల్లాలను పండ్ల తోటల కేంద్రంగా చేస్తామని ప్రభుత్వాలు ఒకదాని తర్వాత ఒకటి చెబుతున్నాయి. మంచిదే. కాలువ నీళ్ళు అందే చోట పెట్టమనండి. వాన మీద ఆధారపడిన ఎగువ పల్లెల్లో ప్రతి కొత్త తోటా రాబోయే కరువులో ఇద్దరు ముగ్గురు వేరుశనగ రైతుల బోర్లను ఎండగడుతుంది. తోటలకు సబ్సిడీ ఇచ్చే శాఖ, నీటిమట్టం కొలిచే శాఖ ఒకే టేబుల్ ముందు కూర్చుని ఊరి పేర్లు రాసుకుంటే చాలు, ఇది ఆగుతుంది.

నాలుగో రోజు: పోరుమామిళ్ళ

కడప, మైదుకూరు మీదుగా పోరుమామిళ్ళ చేరాం. దారిలో విశేషం లేదు, ఎండ తప్ప.

ఈ ఊరి చెరువు కోసం ఒక శాసనం ఉంది. 1369లో, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఈ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది మనుషులు, రాళ్ళు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని రాశారు. అంతకంటే గొప్ప సంగతి, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో చెక్కించారు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండటం ఒకటి. నీళ్ళు కొంచెం, పారాల్సిన నేల విస్తారం కావడం కూడా దోషమే అన్నారు.

ఆరున్నర శతాబ్దాల కిందట నీటికీ ఆయకట్టుకూ పొంతన ఉండాలని రాయి మీద రాసుకున్న నేల ఇది. చెరువు కింద ఏ మడికి ఎన్ని గంటలు నీళ్ళు వదలాలో నీరుగంటి చూసుకునేవాడు. నీళ్ళు తక్కువైన ఏడాది ఆయకట్టులో ఏ భాగం సాగు చేయాలో ఊరు కూర్చుని తేల్చుకునేది. చెరువు నీళ్ళు కంటికి కనిపిస్తాయి కాబట్టి అది సాధ్యమైంది. బోరు వచ్చాక నీళ్ళు కంటికి కనిపించకుండా పోయాయి, నీరుగంటి పనీ పోయింది, కట్ట మీద పంచాయితీ కూడా పోయింది. బావ కట్ట మీద నడుస్తూ తూము దగ్గర ఆగి, "కింద ఎన్ని నీళ్ళున్నాయో జనానికి కనిపించేలా చేస్తే ఇదంతా మళ్ళీ వస్తుంది" అన్నాడు. మరుసటి రోజు మేం చూడబోయింది సరిగ్గా ఆ ప్రయత్నాన్నే.

ఐదో రోజు: గిద్దలూరు దగ్గర

2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పని జరిగింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం, ఈ ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే భూగర్భ జలాలను కొలిచి లెక్క వేసుకునే పథకం నడిచింది. ఏపీఫామ్‌గ్స్ అని దానికి అధికారుల పేరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా నిధులు, స్వచ్ఛంద సంస్థల ద్వారా నడక. ఎవరినీ ఆపలేదు, ఎవరికీ డబ్బులివ్వలేదు. ఊళ్ళో వానమాపకం పెట్టారు. కొన్ని బోర్లు ఎంచుకుని పదిహేను రోజులకొకసారి నీటిమట్టం కొలవడం, డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి బోరు ఎంత పోస్తోందో తేల్చడం రైతులకు నేర్పించారు. ఆడవాళ్ళు కూడా కొలిచారు. ఊరి హద్దును పక్కన పెట్టి, ఒకే వంకకు (వాగుకు) నీళ్ళు చేరే పల్లెలన్నింటినీ ఒక జట్టు చేశారు. నీళ్ళకు తెలిసిన హద్దు అదొక్కటే. తర్వాత అక్టోబరు, నవంబరు నెలల్లో అందరూ ఒకచోట కూర్చుని, ఇంత వాన పడింది, ఇంత ఇంకింది, రబీకి మీరంతా వేద్దామనుకుంటున్న పంటలకు ఇంత కావాలి, లోటు ఇంత అని బోర్డు మీద రాసేవాళ్ళు. అంతే. ఇంటికి పోయి ఎవరి నిర్ణయం వాళ్ళు తీసుకునేవాళ్ళు.

ఫలితం? ప్రపంచ బ్యాంకు 2010లో అచ్చువేసిన నివేదిక ప్రకారం 42 శాతం జట్లలో మూడేళ్ళ పాటు వరుసగా రబీ తోడకం తగ్గింది. 51 శాతం జట్లలో కొన్నేళ్ళు తగ్గింది, కొన్నేళ్ళు తగ్గలేదు. పెరిగింది ఏడు శాతంలోనే. వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. రైతు ఆదాయం పడిపోలేదు. ఒక్క కేసు పెట్టకుండా, ఒక్క మీటరు బిగించకుండా ఇంతమంది రైతులు కలిసి నీటి వాడకం తగ్గించుకోవడం ప్రపంచంలో చాలా అరుదైన సంగతి.

ప్రాజెక్టు దశాబ్దం చివర ముగిసింది. తర్వాత వెళ్ళిన పరిశోధకులు చాలా ఊళ్ళలో కొలతలు ఆగిపోయాయని రాశారు. మేం చూసిందీ అదే. గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో బడి గోడ మీద నీటి లెక్కల బోర్డు ఇంకా ఉంది. గళ్ళు కనిపిస్తున్నాయి, అంకెలు లేవు. అప్పట్లో కొలతలు తీసిన ఒక పెద్దావిడను వెతికి పట్టుకున్నాం. మట్టం ఎలా కొలిచేవాళ్ళో అడగ్గానే లేచి నిలబడి చేతులతో చూపిస్తూ చెప్పింది. "టేపు దించేది, నీళ్ళు తగిలితే కీచుమనేది. అయిదో బోరు మా మరిదిది. ఒక సంవత్సరం నలభై రెండడుగులు, మర్సటేడు అరవై. మీటింగులో నేనే లేచి చెప్పినా, ఈ తూరి వరి పెడితే సంక్రాంతికే గోవిందా అని. నా మాట వినె. శనగలేసిరి."

"ఎందుకు ఆపేశారమ్మా?"

"టేపు చెడిపాయ. కొత్తది ఎవరిస్తారు? పిలిచే సార్లు రాకపోయిరి. పిలిచేవాళ్ళుంటే జనం వస్తారు నాయనా."

నాకు కోపం వచ్చింది, దాచుకోను. కొన్నేళ్ళ ప్రాజెక్టుగా నడిపి, పుస్తకాలు అచ్చువేసి, దేశదేశాల నుంచి మనుషుల్ని తెచ్చి చూపించి, తీరా పద్ధతి పనిచేస్తుందని రుజువయ్యాక వదిలేశాం. 2019 డిసెంబరులో కేంద్రం ఆరు వేల కోట్లతో అటల్ భూజల్ యోజన మొదలుపెట్టింది. ఊరూరా నీటి లెక్క, రైతుల చేత కొలతలు, అంతా ఇక్కడ పుట్టిన ఆలోచనే. అందులో ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. దేశం ఏటా తోడే సుమారు 240 బిలియన్ ఘనపు మీటర్ల భూగర్భ జలంలో 87 శాతం సాగుకే పోతోంది. ఆ సాగుకు లెక్క నేర్పించిన పల్లెలు ఇవి.

సాయంత్రం రైతు సేవా కేంద్రానికి వెళ్ళాం. వ్యవసాయ సహాయకురాలు చురుకైన అమ్మాయి. ఈ-పంట నమోదు గురించి ఓపిగ్గా చూపించింది. ఏ సర్వే నంబరులో ఏ రైతు ఏ పంట ఎన్ని ఎకరాలు వేశాడో ప్రతి సీజనులోనూ ఫోటోతో సహా ఎక్కిస్తున్నారు. ఇలాంటి కేంద్రాలు రాష్ట్రంలో పదివేల పైన ఉన్నాయి. భూగర్భ జల శాఖకు ఫీజోమీటర్లు, అంటే నీటిమట్టం చూడటానికే వేసిన బోర్లు, ఉన్నాయి, మట్టం రోజూ నమోదవుతోంది. వాన లెక్క ప్రతి మండలానికీ ఉంది. ఏపీఫామ్‌గ్స్ కాలంలో రైతులు చేత్తో పోగేసిన సమాచారంలో ముప్పావు భాగం ఇప్పుడు ప్రభుత్వం దగ్గర సిద్ధంగా ఉంది.

"ఇది విత్తనం వేశాక ఎక్కిస్తారు కదమ్మా. వెయ్యకముందు, ఏం వేద్దామనుకుంటున్నారో అడిగి రాస్తే?" అన్నాడు బావ.

"అలా ఎవరూ అడగమనలేదు సార్. అడిగితే చెప్తారు. విత్తనాలకు ఎలాగూ ఇక్కడికే వస్తారు."

ఇంత పెద్ద రాష్ట్రానికి కావాల్సింది నిజంగా ఇంతే అని నాకనిపిస్తోంది. రబీ విత్తనాలు ఇచ్చే ముందు ఒక సభ. ఆ వంక కింది పల్లెల వాన, మట్టం, వేయబోయే పంటలు, మూడూ ఒక బోర్డు మీద. కొత్త చట్టం అక్కర్లేదు. ఏటా ఈ సభ పెట్టడం వ్యవసాయ శాఖ ఉద్యోగంలో భాగం కావాలి, ప్రాజెక్టు ముగిసిందని ఆగకూడదు. లెక్కకు లోబడి నడిచిన జట్లకు డ్రిప్పులోనూ, పైపులైను మరమ్మతుల్లోనూ మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. తోటల సబ్సిడీ ఆ బోర్డు చూసి ఇవ్వాలి. వినని రైతులు ఉంటారు. గిద్దలూరు పల్లెలో కూడా ఉండేవాళ్ళట, పెద్దావిడ పేర్లతో సహా చెప్పింది. అయినా మట్టం నిలబడింది, విన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి.

చీకటి పడేలోపు బావ టేపు తీసుకుని ఆమె మరిది బోరు దగ్గరికి వెళ్ళాడు. పదిహేను మంది దాకా వెంట వచ్చారు. 118 అడుగులు. పక్క బోరు 131. అమ్మాయి ఫోనులో రాసుకుంది. ఊళ్ళో రబీకి శనగ ఎంత, మిరప ఎంత, వరి ఎంత అనుకుంటున్నారో అక్కడే చేతులెత్తించి అడిగితే, వరి ఇరవై ఎకరాల పైనే తేలింది. మిరప వేసే రైతులకూ వరి పెట్టే రైతులకూ అక్కడే వాదన మొదలైంది. "ఆదివారం బడి దగ్గర కూర్చుందాం, పై ఊరోళ్ళను కూడా పిలుద్దాం" అన్నారు ఎవరో. వర్షపాతం లెక్క మండలాఫీసు నుంచి తెస్తానని ఆ అమ్మాయి ఒప్పుకుంది. టేపు వాళ్ళకు ఇచ్చేసి, ఆదివారం పొద్దున పదికల్లా వస్తానని బావ మాటిచ్చాడు.